బంగళా గుట్ట సవారీ

శనివారం పొద్దున్నే గుండ్రాళ్ళపాడు గుట్ట కింద మూడు గుర్రాలు నిలబడి ఉన్నాయి. గుర్రాలంటే ఏ దండయాత్ర నుంచో తిరిగొచ్చినవి కావు, జగ్గయ్యపేట బస్టాండు దగ్గర జట్కాలు లాగేవే. నాగూర్ బాషా వాటిని బళ్ళ నుంచి విప్పి, గడ్డితో ఒళ్ళు రుద్ది, తోకలు దువ్వి, మెడ గంటలు మాత్రం తియ్యకుండా తోలుకొచ్చాడు. గంట చప్పుడు వినపడకపోతే అవి తాము గుర్రాలమన్న సంగతే మర్చిపోతాయని అతని నమ్మకం. తెల్ల ఆడగుర్రం పేరు రాణి. గోధుమరంగుది కలెక్టరు, సలాం కొడితే గాని అడుగు వెయ్యదు కాబట్టి ఆ పేరొచ్చింది. మూడోదాని పేరు మెయిలు, మెయిలు రైలు పేరే. దాని నడక చూసినవాళ్ళు ఆ పేరెందుకు పెట్టావని అడగరు, నవ్వి ఊరుకుంటారు.

ఆరోగ్యమ్మ కాస్త ఎడంగా కోళ్ళ గంప పక్కన కూర్చుని ఉంది. గంపలో కోళ్ళు కదిలినప్పుడల్లా చేత్తో మూత అదుముతోంది. ఎదురుగా గుర్రాలున్నాయని ఆమెకు తెలుసు. చూడటం మాత్రం లేదు.

ఏటా గుట్ట మీద పెద్దమనుషుల విందుకి వంటకొచ్చేది ఆమె మొగుడు ఇశ్రాయేలు. ఈసారి వానల్లో జ్వరం తగిలి పోయాడు. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుని వారమన్నా కాకముందే బాషా ఊరవతలున్న పేటకొచ్చి ఆమె గుమ్మంలో నిలబడి, "అక్కా, అయ్యగార్లు అడుగుతున్నారు. బావ చేతి వంట నీకూ వచ్చు గదా," అన్నాడు. ఆమె సరేనంది. ఈమధ్య ఎవరేమడిగినా ఆమె సరేననే అంటోంది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామమ్మా అన్నా సరే, పక్కింటివాళ్ళు రోలు కావాలన్నా సరే.

కాని ఈ సరేకి ఒక కారణం ఉంది. సోమవారం నుంచి ఊరి బళ్ళో పిల్లలకు మధ్యాహ్నం ఉప్మా పెట్టబోతున్నారు. అమెరికా రవ్వ బస్తాలూ నూనె డబ్బాలూ వచ్చి బడి గదిలో కూర్చున్నాయి. ఆ వంట పని ఇశ్రాయేలుకిస్తానని పంచాయతీ ప్రెసిడెంటు దశరథరామయ్య అన్నాడు. మనిషి పోయాక ఆ మాట ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. అది కనుక్కోవడానికి వచ్చింది ఆరోగ్యమ్మ. ఆ పని దొరక్కపోతే ఆమె నాట్లకీ కలుపులకీ ముఠాతో కలిసి నందిగామ అవతల దాకా ఊళ్ళు పట్టుకు తిరగాలి. మంచంలోంచి లేవలేని అత్తను ఎవరి చేతుల్లో పెట్టి పోతుంది?

సవారీకి వచ్చిన పెద్దమనుషులు ముగ్గురు. నందిగామ కోర్టులో ప్లీడరు వరప్రసాదరావు ఈ వేడుకకు పెద్ద. చైనావాడితో యుద్ధం జరిగి ఏడాది తిరగలేదు. దేశంలో ప్రతి మగాడికీ గుర్రపుస్వారీ రావాలని ఆయన వాదన. పోయినేడు దాకా గుట్ట నడిచే ఎక్కేవాళ్ళు. ఈ ఏడు ఆయన ఎవరో దొరగారి లాయంలోంచి ఒక తోలు జీను అరువు తెచ్చాడు. మిగతా రెండు గుర్రాలకీ బొంతలే జీన్లు. రెండో ఆయన జగ్గయ్యపేటలో బట్టల కొట్టున్న బసవయ్య. ఊళ్ళో ఉల్లిపాయ పేరెత్తితేనే నోరు పుక్కిలించుకుంటాడు. గుట్ట మీద ఆయన భోజనం మాత్రం వేరు. మూడో ఆయనే దశరథరామయ్య. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి గనక గుర్రం మీద నలుగురికీ కనపడాలని ఆయన కోరిక.

"జీను రాణికి వెయ్యవోయ్. అది ప్రెసిడెంటుగారికి," అన్నాడు ప్లీడరు. "జీనుకి గీత పడిందంటే మాత్రం నన్ను ఆ దొర కోర్టుకెక్కిస్తాడు. నా కేసు నేనే వాదించుకోవాలి, ఫీజు కూడా రాదు."

బసవయ్యను మెయిలు మీదికి ఎక్కించడానికి బాషా వంగి వీపు పట్టాడు, గుర్రాన్ని ఒక బండ పక్కకి తెచ్చాడు, ఆఖరికి చింతకొమ్మ పట్టుకుని వేలాడమన్నాడు. ఆయన వేలాడాడు. గుర్రాన్ని ఆయన కిందికి నడిపించారు. ఆయన కొమ్మ వదిలినప్పుడు మెయిలు విడిచిన నిట్టూర్పుకి లేచిన దుమ్ము ముక్త్యాల రేవు దాకా పోయిందని బాషా ఇప్పటికీ చెబుతాడు. నమ్మితే నమ్మండి. కలెక్టరుకి సలాం కొట్టి ప్లీడరు ఎక్కాడు. దశరథరామయ్య రాణి మీద కూర్చుని మీసం సర్దుకుని, "ఊఁ, నడవనీ," అన్నాడు.

బాషా ముందు గుర్రం కళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, భుజాన గిన్నెల కావడి వేసుకున్నాడు. ఆరోగ్యమ్మ గంప నెత్తికెత్తుకుని ఆఖరున నడిచింది. దారి పొడుగునా ఆమె కళ్ళ ముందు మెయిలు తోకే. అది ఆగినప్పుడు ఆగింది, కదిలినప్పుడు కదిలింది.

గుట్ట మీద పైకప్పు లేని పాత బంగళా ఒకటుంది. గోడలున్నాయి, గోడల్లో రావిమొక్కలున్నాయి, అవతల కృష్ణ కనపడుతుంది. పైకి చేరగానే బాషా రాణి మీది జీను విప్పి గోడకానించాడు. రాణి ఒళ్ళు ఒకసారి విదిలించి, మోకాళ్ళు మడిచి, నేల మీద వెల్లకిలా పడి నాలుగు కాళ్ళూ ఆకాశానికెత్తి దొర్లింది.

"అయ్యో, దానికేదో వచ్చింది!" అని అరిచాడు బసవయ్య.

"ఏం రాలేదండి. బరువు దిగితే డ్యూటీ అయిపోయిందనుకుంటది. సాయంత్రం బండి విప్పంగానే రోజూ దొర్లుద్ది. మా తాత గుర్రమైతే నిద్దట్లో కూడా దొర్లేది. ఓసారట్టా దొర్లతా దొర్లతా కృష్ణలో పడి, వరదకడ్డం ఈది అవతలొడ్డున ఓ పెళ్ళిపందిట్లో లేచింది. పెళ్ళికొడుకు అదే గుర్రమెక్కి ఊరేగాడు."

"పెళ్ళికూతురు?"

"ఆమె మా నాయనమ్మేనండి."

ముగ్గురూ నవ్వారు. ఆరోగ్యమ్మ మూడు రాళ్ళు వెతుక్కొచ్చి, గాలి ఏ పక్కనుంచి కొడుతోందో చెంగు వదిలి చూసి, గోడ మూలకు పొయ్యి పెట్టింది. పుల్లలు రాత్రి మంచుకి తడిసున్నాయి. వంగి ఊదింది. పొగ మొహానికి కొట్టింది. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, చెంగుతో తుడుచుకుంది. నీళ్ళు ఆగిపోయాయి. ఇశ్రాయేలు పోయాక ఆ కళ్ళకి నీళ్ళు రావడం ఇదే. పొగకి వచ్చే నీళ్ళు పొగతోనే పోతాయి.

బాషా బిస్మిల్లా అని కోళ్ళు కోసిచ్చాడు. ఆమె ఈకలు పీకి, మంట మీద కాల్చి, పసుపు పూసి, ముక్కలు కొట్టింది. ధనియాలూ గసగసాలూ వేయించి, చదునుగా ఉన్న బండ మీద గుండ్రాయితో నూరింది. నూరుతున్నప్పుడు రాయి ముందుకు పోతోంది, వెనక్కి వస్తోంది. ముద్ద ఎప్పుడో మెత్తబడింది. ఆమె చెయ్యి ఆగలేదు. "అక్కా, ఇంక చాలు. బండ కూడా అరిగిపోద్ది," అని బాషా అంటే అప్పుడాపింది.

పొద్దు వాలేసరికి కోడిపులుసు, వేటమాంసం వేపుడు, వంకాయ కూర, జొన్నరొట్టెలు, చట్టినిండా అన్నం తయారయ్యాయి. ఆ ముగ్గురూ విస్తళ్ళ మీదికి వంగారు. బసవయ్య ఎముక పీలుస్తున్న చప్పుడికి కలెక్టరు చెవులు రిక్కించింది. కింద ఊళ్ళో ఆరోగ్యమ్మ బావిలో చేద వెయ్యకూడదు. వేసినవాళ్ళు పోసిన నీళ్ళే పట్టుకోవాలి. ఇక్కడ మాత్రం ఆమె గరిటె ఎత్తితే విస్తళ్ళు ముందుకు జరుగుతున్నాయి. గుట్ట మీద ఎవరు వండారన్నది, ఏం వండారన్నది, గుట్ట దిగాక ఆ ముగ్గురిలో ఎవరికీ గుర్తుండదు. ఇన్నేళ్ళ నుంచీ అలాగే జరుగుతోంది.

"పులుసు ఇంకాస్త పొయ్యి," అన్నాడు దశరథరామయ్య. పోసింది. "ఇంకొంచెం. ముక్క కూడా." వేసింది. ఆయన వేళ్ళు నాక్కుని, "ఏమాటకామాటే. ఇశ్రాయేలు బతికుంటే నీ దగ్గరికొచ్చి నేర్చుకోవాలి," అన్నాడు.

ఆమె గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ మాట చెవిలో పడి లోపలికి పోవడానికి కాస్త టైము పట్టింది.

"బడి వంట సంగతేంటండీ?" అంది.

"ఏ బడి?"

"సోమవారం నుంచి ఉప్మా వండాలంటగా. మా ఇంట్లో ఆయనకిస్తానన్నారు."

"ఓసి పిచ్చిదానా! నీకు కాక ఇంకెవరికి? ఇంత చెయ్యి పెట్టుకుని అడుగుతావేంటి? సోమవారం పొద్దున్నే వచ్చి పొయ్యి ముట్టించు."

"నేను సాక్షిని," అన్నాడు ప్లీడరు, నోట్లో ముక్క పెట్టుకునే. "నోటిమాట కూడా ఒప్పందమే."

బాషా ఆమె వైపు చూసి కళ్ళతో నవ్వాడు. ఆమె తల వంచి, ఇంకో గరిటెడు పులుసు ప్రెసిడెంటు విస్తట్లోకి వంచింది.

ఆదివారం పొద్దున ఆమె మినప్పిండి రుబ్బి గారెలు వేసింది. వాటిని రాత్రి మిగిలిన కోడికూరలో అద్దుకు తిని ముగ్గురూ బంగళా చుట్టూ ఒక తూరి స్వారీ చేసి వచ్చారు. గుర్రాలు బస్టాండు అలవాటు కొద్దీ ఎక్కడ నీడ కనపడితే అక్కడ ఆగాయి. ఆగినచోటల్లా ఎవరో ఎక్కుతారని ఎదురుచూశాయి. ప్లీడరు కలెక్టరుకి సలాం కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టిందన్నాడు.

ఆరోగ్యమ్మ నూనె మూకుడు బూడిదతో తోముతుంటే దశరథరామయ్య చేతులు కడుక్కుంటూ దగ్గరికొచ్చాడు.

"ఇదిగో అమ్మాయ్, రాత్రి నేనేదో అన్నాను గదా."

"అన్నారండీ."

"నిద్ర పట్టక ఆలోచించా. వంటకి ఊళ్ళోంచి ఒకావిడను చూద్దాం. నువ్వు గిన్నెలు తోము, కట్టెలు కొట్టు, వసారా ఊడువు. అదీ పనే గదా?"

ఆమె మూకుడు తిప్పి అడుగు తోమసాగింది.

"పిల్లలు తినొద్దూ? తిననిస్తారా వాళ్ళమ్మలు? నాదేముంది, నేను తింటూనే ఉన్నా గదా. నాకట్టాంటి పట్టింపుల్లేవు. ఊరితో వచ్చింది చిక్కు."

"సరేనండీ," అంది ఆరోగ్యమ్మ.

ఆయన ఇంకేదో వాదిస్తుందని సిద్ధపడి వచ్చినట్టున్నాడు. సరేననేసరికి ఏం చెయ్యాలో తోచక, తడిచేతులు విదిలించుకుని వెళ్ళిపోయాడు. మూకుడు తెల్లగా వచ్చేసింది. ఆమె ఇంకా తోముతూనే ఉంది. బాషా వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏమన్నాడక్కా?"

"గిన్నెలు తోమమన్నాడు."

"తోముతున్నావుగా."

"బళ్ళో."

బాషా నోట్లో గడ్డిపరక తీసి పారేసి, "ఇంత తిని ఎట్టా అరుగుద్దక్కా వీళ్ళకి?" అన్నాడు.

ఆమె మూకుడు బోర్లించి లేచింది.

గుట్ట దిగేటప్పుడు వచ్చింది అసలు తంటా. ఎక్కేటప్పుడు గుర్రం మెడ ఎదురుగా ఉంటుంది, పట్టుకోవచ్చు. దిగేటప్పుడు ఎదురుగా ఏమీ ఉండదు, కృష్ణ తప్ప. పైగా పుట్టిన దగ్గర్నుంచీ బండి లాగిన గుర్రాలు. పల్లంలో వెనకనుంచి బండి తోసుకొస్తుంది గనక, ఒళ్ళు వెనక్కి విరుచుకుని తన్ని పట్టి నడవడం వాటికలవాటు. ఇప్పుడు వెనక బండి లేదు. రాణి అలవాటు కొద్దీ వెనక్కి విరుచుకుంది. దశరథరామయ్య దాని తోక మీదికి జారాడు. ఆయన ముందుకొచ్చి మెడ కావిలించుకునేసరికి అది ఇంకోసారి విరుచుకుంది.

"ఆపు! ఆపరా బాషా! నేను నడుస్తా. గుర్రం వద్దు, గిర్రం వద్దు."

దింపారు. ఆయన రెండు చేతులా రాళ్ళు పట్టుకుంటూ కాళ్ళ మీద దిగసాగాడు. వీపు మీద బరువు పోయిన రాణి నాలుగడుగులేసి ఆగింది. ఒళ్ళు విదిలించింది. ముందు మోకాళ్ళు మడవసాగింది.

"ఏయ్! ఏయ్! దొర్లుతోంది, దొర్లుతోంది!" అని ప్లీడరు కలెక్టరు మీదనుంచి గావుకేక పెట్టాడు. "జీను! దొరగారి జీను! కింద రాళ్ళున్నాయిరా!"

బాషా కావడి పడేసి, గుర్రం మూతి పట్టుకు లేపాడు. లేచింది. కళ్ళెం పట్టుకు నడిపిస్తే నాలుగడుగులేసి మళ్ళీ ఆగి మళ్ళీ మోకాళ్ళు మడిచింది.

"దీని మీద ఎవరో ఒకళ్ళు కూర్చోవాలండి. ఖాళీగా ఉంటే ఊరుకోదు."

"గిన్నెలు కట్టు."

"గలగలమంటే బెదిరి లగెత్తుద్దండి, గిన్నెలూ పోతాయి, జీనూ పోద్ది."

"నువ్వెక్కు."

"నేనెక్కితే కళ్ళెం ఎవరు పడతారు, కావడెవరు మోస్తారు?"

ప్లీడరు చుట్టూ చూశాడు. ఖాళీగా ఉన్నది ఆరోగ్యమ్మ ఒక్కతే. గంపలో కోళ్ళు కూడా లేవిప్పుడు.

"నువ్వెక్కవమ్మా," అన్నాడు.

దశరథరామయ్య కింది బండ మీదనుంచి వెనక్కి తిరిగి చూశాడు. ఆయన దృష్టంతా తన కాళ్ళ కింద రాయి కదులుతుందా లేదా అన్నదాని మీదే ఉంది. "ఎక్కించండయ్యా, ఎవరో ఒకర్ని! జీను బతికితే చాలు," అన్నాడు. అప్పుడు ఆ ముగ్గురిలో ఎవరికీ గుట్ట కింద ఊరుందన్న సంగతి గుర్తు రాలేదు.

ఆరోగ్యమ్మ సరేనంది. బాషా చేతులు దోసిలి పట్టాడు. ఆమె కాలు ఆ దోసిట్లో పెట్టి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, పక్కవాటుగా కూర్చుంది. రాణి బుద్ధిగా తల వంచి నడిచింది. వెనక్కి విరుచుకున్నప్పుడు ఆరోగ్యమ్మ కూడా దానితోపాటు వెనక్కి వాలింది. ఎందుకు వాలాలో ఆమెకు తెలీదు. ఈమధ్య ఏది ఎటు తోస్తే అటు పోతోంది గనక అటే పోయింది. అంత ఎత్తునుంచి చూస్తే కృష్ణ, అవతల ఇసుక, ఇవతల జొన్నచేలు, చెట్ల మధ్య ఊరు. పేట కొసన తన ఇంటి కప్పు కూడా కనపడింది. ఎవరిదో ఇల్లు చూసినట్టు చూసింది.

దారి సగం దిగాక పెద్ద బండ దగ్గర ఒక మలుపుంది. ఆ మలుపు దాటితే ఊరు. అక్కడికి రాగానే కిందనుంచి డప్పుల మోత వినపడింది.

దశరథరామయ్య గతుక్కుమని ఆగాడు. డప్పులు ఆయన పెట్టించినవే. ఆదివారం పొద్దెక్కాక గుర్రం దిగకుండా ఊళ్ళోకి వస్తానని, పేటవాళ్ళని డప్పులతో, ఊరివాళ్ళని దండతో ఉండమని ఆయనే చెప్పిపెట్టాడు. గుట్ట దిగే కంగారులో అదీ మర్చిపోయాడు.

"దిగు, దిగు! ఇక్కణ్ణుంచి నేనెక్కుతా," అని రాణి దగ్గరికి పరుగెత్తాడు.

ఆరోగ్యమ్మ ఆయన్ని చూసింది. కదల్లేదు.

"దిగమంటుంటే! ఊళ్ళో మొహమెట్టా చూపించను? పేటదాన్ని గుర్రమెక్కించి నేను వెనకాల నడిచొచ్చానంటే ఇంకెవరైనా ఓటేస్తారా నాకు?"

"దిగక్కా," అనబోయాడు బాషా. కావడి భుజం మార్చుకున్నాడు.

"ఇదిగో చూడు," దశరథరామయ్య గొంతు తగ్గించాడు. "వంట పని నీకే. సరేనా? దిగు."

"రాత్రీ అదే అన్నారండీ."

"ఇప్పుడు మళ్ళీ అంటున్నా!"

"పొద్దున కాదన్నారు."

"అయ్యో రామా! ఇప్పుడు ఔనంటున్నానే!"

"ఆ మాట అక్కడ చెప్పండి," అంది ఆరోగ్యమ్మ, డప్పుల వైపు చెయ్యి చూపిస్తూ. కోపం లేదు ఆ గొంతులో. వాకిలి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది. "చెప్పినాక దిగుతా."

ప్లీడరు వరప్రసాదరావు గుర్రం మీద నుంచే దగ్గాడు. సాక్షి గదా, ఏదో ఒకటి అనాల్సినవాడు. ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు. బసవయ్య మెయిలు మెడ గంట సర్దసాగాడు.

దశరథరామయ్యకి ఓపిక పోయింది. కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని పక్కకి లాగాడు, ఆమె జారుతుందని. రాణి ఆయన లాగినవైపే, అంటే మలుపు వైపే, బుద్ధిగా నడిచింది.

కింద ఎదురుచూసి ఎదురుచూసి విసుగెత్తిన జనం గుట్టెక్కుతూ అదే మలుపు తిరిగారు. ముందు పేటవాళ్ళు డప్పులతో. వాళ్ళకి ముందు ఇశ్రాయేలు చిన్నాన్న కొడుకు స్తెఫను. వెనక బంతిపూల దండ పట్టుకుని ఊరి పెద్ద బాలస్వామి. వాళ్ళ కళ్ళబడింది ఇదీ: తోలు జీను మీద ఆరోగ్యమ్మ. కళ్ళెం పట్టుకుని ముందు నడుస్తూ ప్రెసిడెంటుగారు.

డప్పులు ఒకటొకటే ఆగాయి. వెనకాల ఒక డప్పు మాత్రం చూడకుండా ఇంకో రెండు దరువులేసి నాలిక్కరుచుకుంది.

"ఏంటి వదినా ఇది?" అన్నాడు స్తెఫను.

ఆమె అతన్ని చూసింది. అతని వెనక ఊరినీ పేటనీ చూసింది. అందరూ తలెత్తి ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"బళ్ళో వంటమనిషిని నేను," అంది. "రేపట్నుంచి. ప్రెసిడెంటుగారు వేశారు."

స్తెఫను చూపు దశరథరామయ్య మీదికి తిరిగింది. అతనితోపాటు డప్పులన్నీ తిరిగాయి. పేటలో ఓట్లు తక్కువేం కాదు. ఆయన ఈ సవారీకి వచ్చిందే ఓట్ల కోసం. బాలస్వామి కూడా చూస్తున్నాడు. ఆయన వెనక ఊరి ఓట్లున్నాయి. దశరథరామయ్య చేతిలో కళ్ళెం ఉంది. వదిలేస్తే ఎందుకు పట్టుకున్నట్టో చెప్పాలి. ఇన్ని కళ్ళ ముందు కాదంటే, ఆడమనిషి గుర్రానికి కళ్ళెం పట్టి నడిపించుకొస్తున్నది మరెందుకో అదీ చెప్పాలి.

"నిజమేనాండీ?" అన్నాడు స్తెఫను.

దశరథరామయ్య ప్లీడరు కోసం వెనక్కి చూశాడు. ప్లీడరు ఇంకా ఆకాశంలోనే ఉన్నాడు.

"ఆఁ," అన్నాడు దశరథరామయ్య.

"గట్టిగా చెప్పండీ, వెనకాలోళ్ళకి వినపడలా."

"ఆఁ అంటున్నా గదా! నేనే వేశా!"

డప్పులు ఒక్కసారిగా మోగాయి. బాలస్వామి దండ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. గుర్రం మీదున్నవారి మెడలో వెయ్యమని ఆయనకు చెప్పిన మాట. ఆయన ఆరోగ్యమ్మను చూశాడు, ప్రెసిడెంటును చూశాడు. చివరికి రాణి మెడలో వేశాడు. అది ఒక బంతిపువ్వు పీక్కుని నమలసాగింది.

ఆరోగ్యమ్మ దిగింది. "ఎక్కండీ," అంది ప్రెసిడెంటుతో. ఆయన ఎక్కలేదు. రాణి మళ్ళీ మోకాళ్ళు మడవకముందే బాషా జీను విప్పి నెత్తిన పెట్టుకున్నాడు.

సోమవారం బడి వసారాలో ఉప్మా ఉడుకుతోంది. ఆరోగ్యమ్మ రవ్వ వేయించి, ఉల్లిపాయా మిరపకాయా తాలింపు పెట్టి, ఎసట్లో పోసి, తెడ్డుతో తిప్పుతోంది. ప్రహరీ అవతల ఊళ్ళో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. లోపల పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఒకావిడ లోపలికొచ్చి, మాట్లాడకుండా తన పిల్లని రెక్కపట్టి లేపుకుపోయింది. ఆ చోటు అలాగే ఖాళీగా ఉంది. ఇంకొకావిడ గోడ మీదనుంచి, "ఈమెను ప్రెసిడెంటుగారు వేశారంటగా? ఆయన తిన్నాక మావాళ్ళు తింటారు," అంది. మిగతావాళ్ళు ఔనన్నారు.

హెడ్మాస్టరు మనిషిని పంపాడు. దశరథరామయ్య రావడానికి చాలాసేపు పట్టింది. కండువా భుజాన వేసుకుని వచ్చాడు. గోడవతల ఆడవాళ్ళనీ, పేట వైపు గేటు దగ్గర నిలబడ్డ స్తెఫనునీ చూశాడు. పిల్లల వరసలో ఖాళీగా ఉన్న చోట మఠం వేసుకుని కూర్చున్నాడు.

ఆరోగ్యమ్మ ఆయన విస్తట్లో ఉప్మా పెట్టింది. ఆయన తలెత్తలేదు. చుట్టూ ఎవరూ కదలలేదు. ఆయన కొంచెం తీసుకుని, ఊదుకుని, నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఇంకో ముద్ద తీసుకుని సగంలో ఆగాడు.

"ఉప్పు చాల్లేదమ్మా," అన్నాడు.

అనాలని అన్నది కాదు. రోజూ ఇంట్లో పెళ్ళాంతో అన్నట్టే వచ్చేసింది నోట్లోంచి. గోడవతల ఒక ముసలావిడ, "రవ్వకి ఉప్పు ఎక్కువే పడుద్ది మరి. తెలీదు కామోసు," అని పక్కావిడతో అంది. పక్కావిడ, "ఇంకో గుప్పెడు వేసి తిప్పమనండి," అంది. పిల్లలు విస్తళ్ళు దగ్గరికి లాక్కున్నారు.

"తెస్తానండీ," అంది ఆరోగ్యమ్మ.

గదిలోకి వెళ్ళి ఉప్పు డబ్బా అందుకుంది. మూత రాలేదు. గోరు దూర్చి లాగింది. రాలేదు. డబ్బాని కడుపుకి అదుముకుని, రవ్వబస్తా మీద కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బయట నుంచి ఎవరో పిల్ల కేకేసింది. "ఉప్పు ఏదీ? చల్లారిపోతోంది!"

"వస్తున్నా," అంది ఆరోగ్యమ్మ.